విశ్రాంతి వారం

దార్ ఎస్ సలాం,
2018 మార్చి 6

మీజే అక్కకి,

మీరిద్దరూ క్షేమంగా ఇల్లు చేరారని పడవ మీద సామాన్లు ఎక్కించే కొంబో చెప్పాడు. నువ్వు చెప్పలేదు. నువ్వు ఫోన్ చేయవని నాకు తెలుసు. మీ ఇంట్లో ఫోన్ బావ చొక్కా జేబులో ఉంటుంది. బావ వీధరుగు మీద ఉంటాడు. ఆయన ఎప్పుడు మాట్లాడినా లౌడ్‌స్పీకర్లోనే. నీ పొట్ట సంగతి నేను నీతో మాట్లాడాలంటే ఆ అరుగు మీద కాఫీ తాగే మగవాళ్ళందరికీ చెప్పినట్టే. అందుకే ఈ రోజుల్లో కూడా మనం కాగితాలు పట్టుకు కూర్చున్నాం. పెంబా దీవికి నెట్‌వర్క్ వచ్చింది గానీ ఆడదాని చెవి దాకా ఇంకా రాలేదు.

ఆసుపత్రిలో జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది. కోసింది నీ పొట్ట. గడ్డ తీసింది నీ పేగులోంచి. ఆ క్యాన్సర్ మళ్ళీ తలెత్తకుండా మందు మింగాల్సింది నువ్వు. ఆ డాక్టరు మాత్రల సంచి బావ ఒళ్ళో పెట్టి, బావతో మాట్లాడి, బావకి చెయ్యి కలిపి పంపించాడు. "మింగేది ఆవిడండీ" అన్నాను. "మీరెవరు?" అన్నాడు. "ఆయనకిచ్చిన ఇంగ్లీషు కాగితం చదవగలిగిన మనిషిని" అన్నాను. బావ నన్ను మోచేత్తో పొడిచాడు. డాక్టర్లతో అలా మాట్లాడకూడదట.

సీసా వేలాడదీసి నరంలోకి ఎక్కిస్తే అందరూ భయపడతారు. అదే మందు మాత్రగా చేసి చేతిలో పెడితే తలనొప్పి బిళ్ళతో సమానం చేసేస్తారు. ఆసుపత్రిలో నర్సు తొడుగులు వేసుకుని గానీ ముట్టుకోని దాన్ని మన ఇళ్ళల్లో ఉత్త చేతుల్తో పంచిపెడతారు. బావకి చెప్పు, అరచేతిలో పోసుకుని లెక్కపెట్టొద్దని. మూతలో వేసి ఇస్తే చాలు. కడుపుతో ఉన్నవాళ్ళెవరినీ ఆ సంచి దగ్గరికి రానివ్వకు. మాత్ర నూరకు, కొరక్కు, జావలో కలపకు. తిన్న అరగంటలోపు నీళ్ళతో మింగెయ్. రెండు వారాలు మందు, ఒక వారం విశ్రాంతి. నీళ్ళ విరేచనాలు పట్టుకున్నా, నోరు పూసినా, జ్వరం వచ్చినా మందు ఆపేసి ఆ రోజే చెప్పాలి. "రేపటికి తగ్గుతుందిలే" అనుకోవద్దు.

ఇక చేతులూ కాళ్ళూ. ఈ మందు అరచేతుల్నీ అరికాళ్ళనీ పట్టుకుంటుంది. మంట, వాపు, నలుపు, తర్వాత తోలు ఊడడం. వేడి నీళ్ళు వద్దు, రుద్దడం వద్దు. అంటే ఏమిటో నీకు అర్థమైంది కదా. జెయానా పెళ్ళికి నువ్వు నలుగు పెట్టకూడదు.

నువ్వు ఆ పిల్లకి సోమోవని నాకు తెలుసు. పెద్దమనిషైన రోజు నుంచి పెళ్ళి గదిలోకి పంపే దాకా ఒంటి సంగతులన్నీ నేర్పే గురువమ్మవి. మంచిదే. మన ఊళ్ళో ఆడపిల్లకి ఒంటి గురించి మాట్లాడే మనిషి ఒక్కతైనా ఉంది. కానీ నేర్పేదేమిటి? మొగుడి కాళ్ళు ఎలా ఒత్తాలి, మొగుడికి ఒళ్ళెలా పరిమళించాలి. లవంగం, మల్లె, గంధం నూరిన సింగోని వారం రోజులు పిల్ల ఒంటికి పట్టించి రుద్ది రుద్ది, నీ చేతులు నువ్వు అరగదీసుకోవాలి. ఎవరికోసం? ఈ సారి ఇంకెవరి చేతులైనా అరగనీ.

నీ చెల్లెలు,
సుబిరా


వేటే, పెంబా,
మార్చి 15

సుబిరా,

ముందు నీకు సలాము. నా ఉత్తరం సలాముతో మొదలవుతుంది, నీ ఉత్తరం తగాదాతో మొదలవుతుంది. ఒకే తల్లి పాలు తాగాం మరి. నాన్న నీకు ఓర్పు అని అర్థమొచ్చే పేరు పెట్టి ఊరందరి చేతా నవ్వించాడు.

మొదటి విడత మందు అయిపోయింది. ఈ వారం విశ్రాంతి. నోట్లో ఇనుప ముక్క పెట్టుకున్నట్టుంటుంది. కొబ్బరిపాలలో వండిన ఆక్టోపస్ కూర ముందు పెడితే గదిలోంచి లేచిపోయాను. మీ బావ దానికి కూడా సంతోషించాడు, మొత్తం ఆయనే తిన్నాడు. మాత్రలు మూతలోనే వేసి ఇస్తున్నాడు. "మీ చెల్లెలు నన్ను నా ఇంట్లోనే అంటరానివాణ్ణి చేసింది" అని రోజూ ఒకసారి అంటాడు. అంటాడు గానీ మూత మర్చిపోడు. మనిషి చెడ్డవాడు కాదే. నువ్వు రాసే పేపర్లో ప్రతి మగవాడూ ఒక్కలాగే ఉంటాడు.

చేతుల సంగతి అడిగావు. నా చేతులు బాగానే ఉన్నాయి. పెళ్ళిళ్ళ నెలలొస్తున్నాయి కదా, గోరింటాకు పెట్టుకున్నాను. ఊళ్ళో ఎవరికీ ఏమీ తెలియదు. అడిగినవాళ్ళకి గాల్ బ్లాడర్లో రాళ్ళు తీశారని చెప్పాం. తెలిస్తే ఏమవుతుందో నీకు చెప్పాలా? జెయానా మేనత్త రిజికి ఉందిగా, ఎలాంటి మనిషో నీకు తెలుసు. పెళ్ళికూతురి గదిలోకి విధవ రాకూడదు, జబ్బుమనిషి రాకూడదు, చేతులు బోసిగా ఉన్న మనిషి రాకూడదు అంటుంది.

నలుగు గురించి పెద్ద వ్యాసం రాశావు. ఆ పిల్ల తొలిసారి రక్తం చూసి, చచ్చిపోతున్నానని ఏడుస్తూ నా ఒళ్ళోకి వచ్చి పడింది. వాళ్ళమ్మ దగ్గరికి కాదు. ఆ రోజు నుంచి ఈ చేతులు దానివి. రబ్బరు తొడుగులు వేసుకుని రుద్దనా, రేవులో చేపలు కోసేవాడిలా? పనిమనుషులతో నువ్వు పెట్టిన సంఘం సమ్మె చేసే రోజున, నిన్నొక్కదాన్నే ఇంట్లో కూర్చోమంటే కూర్చుంటావా?

ఒంట్లో జాగ్రత్త. వానాకాలం నీ ఉబ్బసం లేస్తుంది.

మీజే


దార్ ఎస్ సలాం,
మార్చి 27

అక్కా,

ఈ ఉత్తరం నీకు కోపం తెప్పిస్తుంది. తెప్పించనీ.

నిన్న బావకి ఫోన్ చేశాను. అరుగు మీద గోలలో సగం వినపడలేదు. వినపడినంతలో ఆయన సంబరంగా చెప్పిందేమిటంటే, "మీ అక్క రెండు మూడు రోజులుగా మాత్రలే అడగట్లేదు. తగ్గిపోయినట్టుంది. మేం ముందే అనుకున్నాం, గట్టి మనిషని." తర్వాత మీ వీధి క్లినిక్ నర్సు ఫైజాకి చేశాను. "చేతులు చూశావా?" అని అడిగాను. "చూశానండీ, మోచేతుల దాకా గోరింటాకు, పైన నల్ల రంగుతో పూలు, పెళ్ళికూతురి చేతుల్లా ఉన్నాయి. నొప్పేమీ లేదన్నారు" అంది.

నీకిచ్చిన మాత్రలే మింగుతున్న ఆడవాళ్ళు నలుగురు నాకు ఇక్కడ తెలుసు. ఒకామె అరచేతులు కాలిన రొట్టెల్లా ఉన్నాయి. ఇంకొకామె చెంచా పట్టుకోలేదు. మూడో ఆమె చెప్పులేసుకోలేక ఆసుపత్రికి గుడ్డలు చుట్టుకుని వస్తుంది. నీకు మాత్రం ఏమీ కాలేదు. పైగా మాత్రలు అడగడం మానేశావు. నేనేమనుకోవాలి?

మా సంఘంలో ఒకామె మాత్రలు తీసుకెళ్ళి అరటిచెట్టు మొదట్లో పాతిపెట్టేది. మందు ఒళ్ళు పాడుచేస్తుందని ఎవరో చెప్పారట. ఆమె ఇప్పుడు లేదు. పెంబాలో ఎటు చూసినా మంత్రగాళ్ళే. జనం సముద్రం దాటి నీ దీవికొచ్చి మరీ వాళ్ళ చేత మంత్రం వేయించుకుంటారు. నువ్వు ఎవరి గుమ్మం తొక్కావో నాకు తెలియదు. తొక్కితే చెప్పు. అబద్ధం మాత్రం ఆడకు. ఈ దేశంలో పేదవాడికి క్యాన్సర్ మందు దొరకాలని మేం వీధుల్లో గొంతులు చించుకుంటుంటే, దొరికిన మందుని మన ఇంటి ఆడదే మట్టిలో కలిపితే నేను ఎవరికి మొహం చూపించను?

నీకు బతకాలని లేదా? లేకపోతే నలుగు పెట్టే దాకా బతికితే చాలనుకున్నావా?

సుబిరా


వేటే,
ఏప్రిల్ 5

సుబిరాకి,

నీ ఉత్తరం మొన్న చేరింది. రెండుసార్లు చదివాను. మూడోసారి చదవడానికి చేతులు ఒప్పుకోలేదు. కాగితం అంచు తగిలినా మండుతున్నాయి. అవును, ఆ చేతులే. పెళ్ళికూతురి చేతులు.

నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నాను. రెండో విడత మొదలైన వారంలోనే అరచేతులు నల్లబడ్డాయి, పొయ్యిలో పెట్టి తీసినట్టు. వేళ్ళ సందుల్లో తోలు లేచింది. గోరింటాకు పెడితే కాస్త చల్లగానే ఉంది గానీ నలుపు దాగలేదు. అందుకని పైన నల్ల రంగు, జుట్టుకి వేసుకునేది, పూలు పూలుగా పెట్టించుకున్నాను. ఊడిన తోలు మీద అది పడితే ఎలా ఉంటుందో నీ పేపర్లో రాయడానికి కూడా మాటలుండవు. ఫైజా చూసి "ఎంత బాగుందో" అంది. నేను నవ్వాను.

మాత్రలు ఆపానన్నావు. ఆపాను. విరేచనాలు పట్టుకుంటే ఆపమని ఎవరు రాశారు? పొద్దున్నుంచి సాయంత్రం దాకా దొడ్లోకే తిరిగాను. ఆ మాట మీ బావతో చెప్పలేను. ఆయన ఫోన్లో ఆ మాట నీతోనూ చెప్పలేను. నీ ఉత్తరం తలగడ కింద పెట్టుకుని, నువ్వు రాసినట్టే ఆపాను. కొంచెం కట్టుకుంది. తగ్గాక మళ్ళీ మొదలుపెట్టాను.

దానికి నువ్వు నన్ను మంత్రగాళ్ళ ఇంటికి పంపావు. అబద్ధాలకోరుని చేశావు. బతకాలని లేదా అని అడిగావు. అమ్మ పోయాక నీ జడ వేసిన మనిషిని.

సరే, చూపిస్తాను. ఇప్పుడు విశ్రాంతి వారం నడుస్తోంది. వారమంతా ఖాళీయే కదా. రంజానులో నెలసరి వల్ల తప్పిన ఉపవాసాల్ని మనం ఏం చేస్తాం? మళ్ళీ రంజాను రాకముందే ఉండి తీర్చుకుంటాం. తప్పిన నమాజుని తర్వాత చదువుకుంటాం. దేవుడి దగ్గరే తీర్చుకునే వీలున్నప్పుడు డాక్టరు దగ్గర ఎందుకుండదు? ఆ తప్పిన మాత్రలన్నీ ఇప్పుడు తీర్చుకుంటున్నాను. నలుగు మొదలయ్యే లోపు అయిపోవాలని ఒక్కో పూటకి రెండు పూటలవి. వచ్చే విడత వేళకి వస్తుంది, దాన్నీ వదలను. మీ బావ మెచ్చుకున్నాడు. "ఇప్పుడు మీ చెల్లెలికి ఏం చెప్పాలో అది చెప్పు" అన్నాడు.

చెప్పాను. ఒక్క మాత్ర కూడా మట్టిలో పడలేదు.

మీజే


దార్ ఎస్ సలాం,
ఏప్రిల్ 12

అక్కా,

సముద్రం బాగాలేక పడవ ఆగిపోయింది. నీ ఉత్తరం ఈ మధ్యాహ్నమే నా చేతికొచ్చింది. నువ్వు ఇది చదివేసరికి జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది. అయినా రాస్తున్నాను. ఊరికే కూర్చోలేను, పడవ ఎప్పుడు కదులుతుందో కొంబోకి కూడా తెలియదట.

తప్పిన మాత్ర తప్పిపోయినట్టే, అక్కా. దాన్ని తర్వాత తీర్చుకోకూడదు. విశ్రాంతి వారం ఖాళీ వారం కాదు. మందు దెబ్బ తిన్న ఒళ్ళు, రక్తం, పేగు లోపలి పొర, నోరు, మళ్ళీ మొలవడానికి ఇచ్చిన వ్యవధి అది. నువ్వు ఆ వ్యవధిలోకే రెట్టింపు మందు పోశావు. ఇది నేను మొదటి ఉత్తరంలో రాయలేదు. ఆ ఇంగ్లీషు కాగితంలో ఉంది. రాయాలని తోచలేదు. ఎవరైనా అలా చేస్తారని నేను అనుకోలేదు. ఉపవాసం నాకు అలవాటు తప్పి చాలా ఏళ్ళయింది కదా.

నీ ఉత్తరం చదవగానే బావకి ఫోన్ చేశాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, రేపు ఎవరూ ఇంకోలా చెప్పకుండా.

"ఏమ్మా సుబిరా, అక్కడ వానలెలా ఉన్నాయి?" అన్నాడు.

"అక్క ఏది?"

"పడుకుంది. నిన్నట్నుంచి లేవలేదు. కొంచెం ఒళ్ళు వెచ్చగా ఉంది. వానలు కదా, మలేరియా అయ్యుంటుంది."

"విరేచనాలా?"

ఆయన గొంతు సవరించుకున్నాడు. వెనక నుంచి ఎవరో అన్నారు, "మకామే, మీ మరదలు పేపర్లో వేయడానికి అడుగుతోందిరా, జాగ్రత్తగా చెప్పు." అరుగంతా నవ్వింది.

"బావా, స్పీకర్ ఆపండి."

"ఎక్కడ నొక్కాలో నాకు రాదమ్మా."

"ఆమె మాత్రలు ఆపండి. ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్ళండి."

"మాత్రలు ఆపడమేమిటి? మొన్ననేగా ఎందుకు ఆపిందని నన్ను తిట్టావు?"

అక్కా, ఇక నా దగ్గర వేరే మాట మిగల్లేదు. "అది క్యాన్సర్ మందు బావా. రెట్టింపు మింగింది. ఈ రాత్రి దాటితే మిగలదు" అన్నాను. అరుగు అరుగంతా వినేలా అన్నాను.

ఎవరూ నవ్వలేదు. ఎవరో కప్పు కింద పెట్టిన చప్పుడు వినిపించింది. ఇందాక నన్ను ఎగతాళి చేసిన గొంతే అంది, "మకామే, లే. నా బండి ఉంది. చాకే చాకే ఆసుపత్రికి పోదాం."

తర్వాత లైన్ పోయింది. మళ్ళీ కలవలేదు. నేను రేవు దాకా వెళ్ళి, పడవ లేదని తెలిసి, తిరిగొచ్చాను.

సుబిరా


చాకే చాకే, ఆసుపత్రి,
ఏప్రిల్ 20

సుబిరా,

రాస్తున్నది ఫైజా. తిడుతున్నది నేను. తేడా తెలుస్తుందని ముందే చెబుతున్నాను.

బతికున్నాను. రెండు చేతులకీ గుడ్డలు. సెలైన్ ఎక్కించడానికి నరం కాళ్ళల్లో వెతికారు. నోరంతా పుండ్లు, నీళ్ళు మింగినా గాజుపెంకు మింగినట్టుంది. రక్తంలో తెల్లకణాలు అడుగంటాయట, అందుకని నా మంచం గోడ పక్కకి తోసి, నర్సు కాబట్టి ఫైజాని తప్ప ఎవరినీ దగ్గరికి రానివ్వడం లేదు. ఇక్కడి డాక్టరమ్మ గుడ్డ విప్పించి చూసి, "ఈ నలుపు మందుదా, రంగుదా?" అంది. "రెండూ" అన్నాను. తోలు ఎక్కడ ఊడిందో ఆ పూల కింద వెతుక్కోవాల్సి వచ్చింది. "ఈ రంగు లేకపోతే రెండు వారాల ముందే మోతాదు తగ్గించేవాళ్ళం కదమ్మా" అంది. కసురుకోలేదు. కసిరినా బాగుండేది.

ఇప్పుడు విను. నువ్వు నా జబ్బు పేరు అరుగు మీద పెట్టి అరిచావు. మగాళ్ళ నడుమ. నేను ఆ బండిలో, మీ బావ ఒళ్ళో తల పెట్టుకుని, నా విరేచనంలో నేనే పడి ఊరి మధ్య నుంచి వచ్చాను. ప్రతి గుమ్మంలోనూ ఎవరో ఒకరు నిలబడి ఉన్నారు. మర్నాటికల్లా రిజికి మా ఇంటికొచ్చి, నూరి ఉంచిన సింగో గిన్నె ఎత్తుకుపోయిందట. "ఆ చేతులు తాకిన పిండి పిల్ల ఒంటికి పట్టనివ్వను. పుట్టబోయే పిల్లలకి కూడా అంటుకుంటుంది" అందట. జెయానా వాళ్ళమ్మ ఏడ్చింది గానీ గిన్నె వెనక్కి అడగలేదు. కొత్త సోమోని వెతుకుతున్నారు.

నా ప్రాణం నువ్వే కాపాడావని అందరూ అంటున్నారు. కావచ్చు. ఆ ప్రాణంతో నేనేం చేసుకోవాలో కూడా చెప్పు. నీకు అన్నీ తెలుసు కదా.

ఫైజా ఇక్కడ రాయడం ఆపి ఏడుస్తోంది. దాని తప్పేం లేదని దానికి చెబుతున్నాను. నీకు మాత్రం చెప్పను.

మీజే


దార్ ఎస్ సలాం,
ఏప్రిల్ 27

అక్కా,

నువ్వు మాత్రలు పారేశావని నేను రాసిన ఉత్తరం తప్పు. నీ చేతులు చూడకుండా, నలుగురు ఆడవాళ్ళ చేతులు చూసి నీకు తీర్పు చెప్పాను. మందు అందరినీ ఒక్కలా పట్టదు, ఒక్కొక్కరికి ఏమీ కాదు కూడా. ఇది నాకు తెలిసుండాలి. నేను ఆ ఉత్తరం రాయకపోతే విశ్రాంతి వారంలో నువ్వు ఆ మాత్రలు ముట్టేదానివి కాదు. దానికి నన్ను ఎంత తిట్టినా తల వంచుకుంటాను.

అరుగు మీద చెప్పినందుకు మాత్రం తల వంచను.

ఎవరి కోసం దాచాం ఆ మాట? దాచడం వల్ల నీకేం దక్కింది? గాల్ బ్లాడర్ రాళ్ళని చెప్పుకున్నందుకు ఇన్నాళ్ళు నీ గిన్నె నీ ఇంట్లో ఉంది, అంతేనా? ఆ రాళ్ళ కథ కోసమే చేతులకి రంగు వేశావు. ఆ రంగు వల్లే ఫైజాకి కనపడలేదు. ఆ కథ కోసమే దొడ్లోకి తిరిగిన సంగతి బావకి చెప్పలేదు. చెప్పనందుకే ఆయన నీ మాత్రలు ఆగితే తగ్గిందనుకున్నాడు, నేను పారేశావనుకున్నాను. ప్రతి మెట్టు మీదా నిన్ను తోసింది మందు కాదు, సిగ్గు. మందుకి విరుగుడు ఉంది, మోతాదు తగ్గిస్తారు. సిగ్గుకి మోతాదు తగ్గించే డాక్టరు ఏ ఊళ్ళో ఉన్నాడు?

జబ్బు అంటుకుంటుందన్న రిజికిని నేను తప్పు పట్టను. ఆమెకి ఎవరు చెప్పారు గనక? ఆసుపత్రి చెప్పలేదు. బడిలో చెప్పలేదు. మసీదులో చెప్పలేదు. ఒంటి సంగతులు చెప్పే సోమోవి నువ్వున్నావు. నువ్వూ చెప్పలేదు. పిల్లకి మొగుడి ఒళ్ళెలా ఒత్తాలో చెప్పావు. తన ఒళ్ళు తాను ఎలా చూసుకోవాలో ఒక్కసారైనా చెప్పావా? అడుగుతున్నాను, తిట్టడం లేదు. తిట్టినట్టు వినపడితే నా గొంతే అంత.

ఇక్కడి డాక్టరుని కలిశాను. ఈ సారి ఆయన నాతోనే మాట్లాడాడు, వేరే గతి లేక. రక్తం కోలుకుని, చేతులు మానాకే మందు మళ్ళీ మొదలు. మోతాదు తగ్గిస్తారు. చేతులకి వాసన లేని పూత, కాళ్ళకి వదులు చెప్పులు, కడుక్కోవడానికి చల్లని నీళ్ళు కావాలి. నీళ్ళు పంపలేను గానీ మిగతావి కొంబో చేత పంపుతున్నాను. చేతులకి ఏ రంగూ వద్దు, గోరింటాకు కూడా. అది చల్లగా ఉంటుందన్న సంగతి నాకూ తెలుసు. కానీ డాక్టరమ్మకి నీ తోలు కనపడాలి.

పెళ్ళికి వస్తానని చెప్పను. నన్ను నువ్వు గుమ్మం తొక్కనివ్వవేమో.

సుబిరా


వేటే,
మే 9

సుబిరా,

ఇది నా చేత్తోనే రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో. పెన్ను చుట్టూ గుడ్డ చుట్టి పట్టుకున్నాను.

ఇంటికొచ్చి వారం దాటింది. నీ పూత వాడుతున్నాను, నీ వదులు చెప్పుల్ని మీ బావ వేసుకుని తిరుగుతున్నాడు, నా కాళ్ళకి ఇంకా పెద్దవే. ఆయన నీ మీద అలిగాడు. ఊళ్ళో ఆయన పరువు తీశావట. కానీ ఫోన్ ఇప్పుడు ఇంట్లోనే మేకుకి వేలాడుతోంది, సుబిరా. ఆయనే తగిలించాడు. ఎందుకని నేను అడగలేదు.

మందు సోమవారం నుంచి మళ్ళీ మొదలు. భయంగా ఉంది. ఈ మాట నీకు తప్ప ఎవరికీ రాయను.

నువ్వు అడిగిన దానికి రెండు రోజులు జవాబు వెతికాను. నీ మీద అరవడానికి మంచి మాట దొరుకుతుందేమోనని. దొరకలేదు. ఆ పిల్లకి నేను నేర్పలేదు. నాకు ఎవరూ నేర్పలేదు. విరేచనంలో రక్తం పడ్డ మొదటి నెల నేను మొలలనుకున్నాను. రెండో నెలా అదే అనుకున్నాను.

జెయానా పెళ్ళి మొన్న శుక్రవారం. నలుగు పెట్టింది కొత్త సోమో. నేను పిలుపు లేకుండా ఇంట్లోనే కూర్చున్నాను. గురువారం సాయంత్రం ఆ పిల్లే వచ్చింది, ఒంటినిండా పసుపు, గంధం, నెత్తిన గుడ్డ కప్పుకుని, దొడ్డిదారిన. పెళ్ళికూతురు గడప దాటకూడదు కదా. "నాకు ఎవరి పిండైనా ఫరవాలేదు. చివరి రాత్రి సోమో చెప్పే మాట మాత్రం మీరే చెప్పాలి. లేకపోతే ఆ గదిలోకి వెళ్ళను" అంది. నా చేతులు చూసింది. బోసిగా, ఎర్రగా, తోలు లేచి ఉన్నాయి. పట్టుకోబోయి ఆగి, "నొప్పా?" అంది. నొప్పే అన్నాను. నా జన్మలో ఒక పిల్లతో అలా చెప్పడం అదే మొదలు.

పిల్ల చేసిన గొడవకి రాత్రి నన్ను పిలిచారు. వాళ్ళింటి లోపలి గది, తలుపులు మూసి, ఆడవాళ్ళు గోడ పొడుగునా కూర్చున్నారు. రిజికి గుమ్మం దగ్గరే నిలబడింది, నేను పిల్లని ముట్టుకుంటానేమోనని కాపలా. నేను ముట్టుకోలేదు. దిండు మీద కాళ్ళు పెట్టుకుని చెప్పాను. మొగుడి సంగతి రెండు మాటల్లో ముగించాను. "మిగతాది వాడికే వస్తుంది, రాకపోతే నువ్వు నేర్పు" అన్నాను. వాళ్ళు నవ్వారు. తర్వాత రక్తం గురించి చెప్పాను. ఎక్కడి నుంచి వస్తే ఊరుకోవచ్చు, ఎక్కడి నుంచి వస్తే పడవెక్కాలి. రొమ్ము ఎలా తడిమి చూసుకోవాలి. నా పేగులో గడ్డ ఎలా మొదలైంది, నేను ఎంత కాలం నోరు మూసుకున్నాను, ఎందుకు రంగు వేశాను, మందు తప్పితే ఏం చేయకూడదు. పేరు పెట్టి చెప్పాను, ఆ మాటతోనే. నవ్వడం ఆగిపోయింది. ఎవరో "ఛీ, పెళ్ళి రాత్రి ఈ మాటలేంటి" అన్నారు. ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. నీ మీటింగుల్లో కూడా ఇలాగే లేచి వెళ్ళిపోతారా? నాకు చాలా అవమానంగా అనిపించింది. అయినా ఆపలేదు.

అంతా అయ్యాక ఆడవాళ్ళు పాటలకి ముందు గదిలోకి వెళ్ళారు. పిల్లని కూడా తీసుకెళ్ళారు. నేను లేవలేక కూర్చున్నాను. రిజికి వెళ్ళలేదు. తలుపు దగ్గరగా వేసింది. గడియ పెట్టింది. గిన్నె ఎత్తుకుపోయిన మనిషి, ఇంకేం ఎత్తుకుపోతుందో అనుకున్నాను.

"నువ్వు ఎన్ని నెలలు దాచావు?" అంది.

"ఆరు దాకా."

"నాది ఏడాది" అంది. నా ముందు నేల మీద కూర్చుని, పైగుడ్డ తీసి, రవిక హుక్కులు విప్పింది. "చూడు. నీకు తెలుసు కదా."

నా వేళ్ళ చివర్లు మొద్దుబారి ఉన్నాయి, సుబిరా. ఏది గట్టిదో ఏది మెత్తనిదో తెలియడం లేదు. అందుకని ఆమె చెయ్యి పట్టుకుని ఆమె రొమ్ము మీద నేనే తిప్పాను, చుట్టూ, మెల్లగా, చంక దాకా. నా చెయ్యి తగిలిందని ఆమె వెనక్కి జరగలేదు. ఒకచోట ఆమె వేళ్ళు ఆగిపోయాయి. వాటి మీద నావీ ఆగాయి.

వచ్చే బుధవారం పడవకి ఆమెని పంపుతున్నాను. రేవుకి ఎదురెళ్ళు. ఆమె ఏమన్నా ఎదురు వాదించకు.

మీ అక్క,
మీజే